బీబమ్మ సీరియళ్లు, మెహతాబ్ కంటైనర్లు

ఆత్మకూరు పిల్ల మెహతాబ్ ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇంటికి కోడలిగా వచ్చింది. ఇంటి నుంచే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి పనిచేస్తుంది. భర్త షానవాజ్ గరిటెలు అమ్ముకుంటూ ఊళ్లు తిరుగుతుంటాడు. పగలంతా ఇంట్లో ఉండేది తనూ, అత్త బీబమ్మా.

బీబమ్మకు కథల పిచ్చి. వయసులో ఉన్నప్పుడు వారపత్రికల్లో సీరియళ్లు కత్తిరించి, సూదీ దారంతో తనే పుస్తకాలుగా కుట్టుకుంది. ఇప్పుడు కంటికి అక్షరం ఆనడం లేదు. గరిటెలు నునుపు చేసే పని మాత్రం వేళ్లతో తడిమే చేసేస్తుంది.

ఒకనాడు అత్త ఆ పుస్తకాలను ఒళ్లో పెట్టుకుని ఊరికే నిమురుతుంటే చూసి మెహతాబ్ మనసు చివుక్కుమంది. పేజీలన్నీ ఫోన్‌తో ఫొటోలు తీసి, వాటిని పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి తన లాప్‌టాప్‌లో పెట్టింది. ఆఫీసు ప్రోగ్రాముల్లాగే దాన్నీ కంటైనర్‌లో, అంటే కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్దినట్టు, విడిగా నడిపింది.

కొన్నాళ్లు బాగానే సాగింది. తర్వాత ఆఫీసు కంటైనర్లూ ఇదీ కలిసి నడిచేసరికి లాప్‌టాప్ వేడెక్కి ఫ్యాను హోరెత్తేది. చదివే గొంతు మాట మధ్యలో ఆగిపోయేది. చివరికి డిస్కు నిండిపోయి ఆఫీసు పనే ఆగింది.

"నా కత తీసెయ్ అమ్మే. నీ ఉద్యోగం ముందు," అంది బీబమ్మ.

"తీసేదేంది అత్తా? పాత చెత్త ఊడిస్తే జాగా అదే వస్తాది."

అన్నీ ఆపేసి, వాడని కంటైనర్లు, ఎప్పుడో దించుకుని మరిచిపోయిన, కంటైనర్లకు మూసల్లాంటి ఇమేజీలు ఒకే కమాండుతో తుడిచేసింది. డిస్కు సగం ఖాళీ అయింది. ఆ సంబరంలో కథల ప్రోగ్రామ్‌ను మళ్లీ పెట్టి చూస్తే ఒక్క పేజీ లేదు. కథల కంటైనర్ కూడా ఆగి ఉండటంతో, పేజీలు దాచిన చోటును ఎవరికీ అక్కర్లేనిదనుకుని ఆ కమాండు ఊడ్చేసింది. ఫోన్‌లో ఫొటోలు ఎప్పుడో తీసేసింది.

"నీ కతలన్నీ పోగొట్టినానత్తా," అంటూ మెహతాబ్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

బీబమ్మకు అర్థం కాలేదు. "పుస్తకాలు ట్రంకుపెట్టెలోనే ఉండాయి గదా! ఇంక పోయిందేముండాది? మళ్లీ తీద్దాం పట్టు."

మొదటిసారి మెహతాబ్ ఒక్కతే తీసింది. ఈసారి బీబమ్మ ఎదురుగా చాప మీద కూర్చుని, ముడతలు పడ్డ పేజీలను అరచేత్తో సాపు చేసి పట్టుకుంది. ఒక్కో పుస్తకానికీ ఒక్కో కబురు. ఒకటి షానవాజ్ కడుపులో ఉండగా కుట్టింది. ఇంకోదానికి ఆఖరి వారం దొరక్కపోతే, వింజమూరు బస్టాండులో పత్రికల కొట్టు ముందు నిలబడి చదివేసి వచ్చింది.

"కొట్టాయన తిట్టలేదా అత్తా?"

"తిట్టినాడు. బస్సు కూడా పోయింది. కత మాత్రం అయిపోయిందిలే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఈసారి మెహతాబ్ ఫొటోలకు ఇంకో కాపీ విడిగా దాచింది. కథల కంటైనర్ మెమరీ అంతా మింగేయకుండా హద్దు పెట్టింది. ఆఫీసువి ఏ పూట వాడనివి ఆ పూట ఆపి ఉంచింది. ఫ్యాను హోరు తగ్గింది. గొంతు తడబడకుండా చదవసాగింది.

సాయంత్రం పని ముగించి, తనూ ఒక గరిటె అందుకుని అత్త పక్కన చేరింది. కథలో పిల్ల రైల్లో తప్పిపోయిన చోట ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

"అప్పుట్లో నేనొక్కదాన్నే చదువుకొని, నేనొక్కదాన్నే ఏడ్చేదాన్ని," అంది బీబమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"ఉండత్తా, ఆ పిల్ల ఏమైందో విననీ," అంది మెహతాబ్, ఆమె భుజానికి ఆనుకుని.