గొట్టం మీద నల్లరంగు

మా బావ చువ్వ చేతికి తీసుకున్నాడంటే షెడ్డులో ఎవరి నోరైనా మూతపడాల్సిందే. సొట్టలు తీసే డెంటింగు మేస్త్రీ సుత్తి కింద పెట్టాలి. నేను రంగు కొట్టే కంప్రెసర్ ఆపాలి. ఫోన్లో మాట్లాడుతున్న పెద్దమనుషులు కూడా బయటికి నడవాలి. మూరెడు పొడవున్న ఇనుప చువ్వ అది. ఒక కొస ఇంజన్ మీద పెట్టి, రెండో కొస కుడిచెవి ముందరి ఎముకకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. నిమిషమో, రెండు నిమిషాలో. తరువాత కళ్లు తెరిచి, ఇంజన్‌కు వచ్చిన రోగమేమిటో చెప్పేవాడు. ముప్ఫై ఏళ్లలో తప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందుకే ఊరంతా ఆయన్ని చెవి మేస్త్రీ అనేది.

నేను ఆయన బావమరిదిని. అదే షెడ్డులో కార్లకు రంగులు వేస్తాను. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి ఆయన మీద విసుక్కునే హక్కు నాకుంది. ఆ హక్కును నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు. కానీ చువ్వ బయటికి వస్తే మాత్రం నేనూ నోరెత్తేవాణ్ని కాదు. ఒకసారి ఆయన వింటూ ఉండగా డెంటింగు మేస్త్రీ ఉండబట్టలేక, "గురూ, బెల్టు మోత అది" అనేశాడు. అది నిజంగా బెల్టు మోతే. అయినా బావ చువ్వ నేలకేసి కొట్టి, "అయితే నువ్వే బాగుచెయ్" అని ఇంటికి వెళ్లిపోయాడు. రెండు రోజులు రాలేదు. అక్క, నేను, డెంటింగు మేస్త్రీ ముగ్గురం బతిమాలితే మూడోరోజు వచ్చాడు. మనిషికి ముక్కు మీద కోపం. దాంతో మాకందరికీ బుద్ధి వచ్చింది. ఆ బుద్ధి రాకపోతేనే బాగుండేది.

నర్సమ్మ కారు మా షెడ్డుకు వచ్చింది ఆ తరువాత చాలా ఏళ్లకు. పద్నాలుగేళ్ల పాతది. ఇద్దరు వాడి వదిలేశాక ఆమె కొనుక్కుంది. ఇల్లిల్లూ తిరిగి, మంచాన పడ్డవాళ్లకు ఇంజక్షన్లు చేసి, పుండ్లకు కట్లు మార్చడం ఆమె పని. రోజుకు పది, పన్నెండు ఇళ్లు. కారు ఆగితే అన్ని ఇళ్లలోనూ ఎదురుచూపులే.

"మేస్త్రీ గారూ, బ్రేకు మీద కాలు పెడితే చాలు, బండి ఆగిపోతోందండీ. సిగ్నల్ దగ్గర వెనకవాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. పైగా లీటరుకి పదహారు ఇచ్చేది కాస్తా పదికి పడిపోయింది" అని ఆమె మొత్తుకుంది.

బావ చువ్వ తీశాడు. కంప్రెసర్ ఆగింది, సుత్తి ఆగింది. ఆ నిశ్శబ్దంలో నాకు స్పష్టంగా వినిపించింది. ఇంజన్ వెనకాల, డ్రైవరు వైపు రేకు దగ్గర, సుయ్‌మని సన్నగా గాలి పీల్చుకుంటున్న చప్పుడు. "బ్రేకు నొక్కమ్మా" అన్నాడు బావ. ఆమె నొక్కగానే ఆ చప్పుడు రెట్టింపయింది. ఇంజన్ రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. బ్రేకు తేలిగ్గా పడేందుకు ఇంజన్ నుంచి వెళ్లే రబ్బరు గొట్టం ఎక్కడో చీలిందని రంగులు పూసుకునే నాకే తెలిసిపోయింది. డెంటింగు మేస్త్రీ నా వంక చూశాడు. నేను ఆయన వంక చూశాను.

బావ కళ్లు తెరిచి, "ప్లగ్గులు" అన్నాడు.

ప్లగ్గులు అరిగిన మాట నిజమే. ముందు అవి మార్చి తరువాత గొట్టం సంగతి చూస్తాడు కాబోలు అనుకున్నాను. ఆయనకు తెలియనిది నాకు తెలుస్తుందా? కొత్త ప్లగ్గులతో నర్సమ్మ వెళ్లిపోయింది. నాలుగో రోజుకల్లా మళ్లీ గుమ్మంలో ఉంది.

ఈసారి బావ గాలి ఫిల్టరు మార్చాడు. ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారంతా విప్పి, మసి కడిగి బిగించాడు. మళ్లీ చువ్వ, మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ అదే చప్పుడు. ఇక డెంటింగు మేస్త్రీ భయపడుతూనే, "గురూ, ఆ బ్రేకు గొట్టం ఒక్కసారి చూస్తే..." అని నసిగాడు.

బావకు కోపం రాలేదు. ఓపిగ్గా చెప్పాడు. "నాకు ఆ మాత్రం తోచలేదనుకున్నావా? గొట్టం చీలితే కూత పెడుతుందిరా. ఏదీ, కూతేదీ?"

గొట్టం కూత పెడుతూనే ఉంది. షెడ్డులో ఉన్న అందరం వింటూ నిలబడ్డాం.

ఇంటి సంగతులు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కుక్కర్ ఆయన పక్కనే కూతలు పెట్టి పెట్టి మాడిపోతే, "నాకు చెప్పలేదుగా" అని అక్క మీదే ఎగిరాడు. ఫోన్ మోగితే ఎవరో అందించాలి. పెద్ద మోతలు వినపడతాయి, మాటలు చాలావరకు వినపడతాయి, సన్నటివే వినపడవు. అలాంటి మనిషిని పట్టుకుని చెవిటి బావా అని నేను ఏడాదిగా ఎగతాళి చేస్తున్నాను. ఛీ, నా బతుకు!

మూడోసారి వచ్చినప్పుడు నర్సమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీ బావగారికి కుడిచెవి సరిగా వినపడటం లేదనుకుంటానండీ. పక్కనుంచి మాట్లాడితే జవాబు లేదు. ఒకసారి చూపించండి."

"మా బావ చెవికా వంక పెట్టేది? ఈ ఊళ్లో సగం కార్లు ఆ చెవి మీదే నడుస్తున్నాయి, తెలుసా?" అని గయ్యిమన్నాను. ఆమె చెప్పింది నిజమని తెలుసు కాబట్టే నాకంత కోపం వచ్చింది.

ఆ రోజు బావ పెట్రోలు పంపు మార్చాడు. మార్చి, చేతులు తుడుచుకుంటూ నాతో అన్నాడు. "దీంతో కూడా కుదరకపోతే చువ్వ పారేస్తానురా. నాకు చేతనైంది ఇదొక్కటే. ఇది పోతే నేనెందుకు?"

ఆయన భోజనానికి ఇంటికి వెళ్లగానే నేను బానెట్ కిందికి దూరాను. చేయి పట్టీపట్టని సందులో వెతికితే చీలిక వేలికి తగిలింది. ఆ నిమిషంలో కొత్త గొట్టం ఎక్కణ్ణుంచి తేను? రంగు వేసేటప్పుడు అద్దాల అంచులకు అంటించే కాగితం టేపు నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. అదే అయిదారు చుట్లు బిగించి చుట్టాను. పసుపు టేపు బావ కంట పడుతుందని దాని మీద నల్లరంగు కొట్టాను. గొట్టం రంగుకు సరిగ్గా సరిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను కూడా. ఇంజన్ ఆన్ చేస్తే ఆ సుయ్‌మనే చప్పుడు లేదు. బ్రేకు నొక్కితే ఇంజన్ ఆగిపోలేదు.

బావ తిరిగొచ్చి కారు నడిపి చూశాడు. ఏనుగెక్కినంత సంబరం! "చూశావా? పంపేనని నాకు ముందునుంచీ అనుమానమే!" చువ్వకు నూనె రాసి, గుడ్డతో తుడిచి మేకుకు తగిలించాడు. టీ కొట్టువాడితో సహా దొరికినవాళ్లందరికీ చెప్పాడు. ఆ సాయంత్రం ఆయన ముఖం చూసినవాడెవడూ నోరు విప్పలేడు. నేనూ విప్పలేదు.

ఆదివారం నాడు కొత్త గొట్టం తెచ్చి, బావ లేనప్పుడు గుట్టుగా మార్చేద్దామనుకున్నాను. గొట్టం తెచ్చాను కూడా. కానీ కారు మళ్లీ తెప్పించాలంటే ఏదో సాకు చెప్పాలి. సాకు చెబితే బావకు అనుమానం వస్తుంది. ఇంతలో నర్సమ్మే ఫోన్ చేసి, లీటరుకి పదిహేను వస్తోందని మురిసిపోయింది. ఇంకెందుకులే అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నా సరిపోవు.

పదిహేడో రోజున కారును తాడు కట్టి లాక్కొచ్చారు. ముందు భాగం నుజ్జయింది. పల్లంగా ఉన్న సందులో బ్రేకు వేస్తే ఇంజన్ ఆగిపోయిందట. బ్రేకు రాయిలా బిగుసుకుపోయిందట. కారు వెళ్లి ఓ రోగి ఇంటి గేటు స్తంభాన్ని గుద్దింది. నర్సమ్మ కుడి మణికట్టు విరిగింది. మర్నాడు కట్టుతోనే షెడ్డుకు వచ్చి నిలబడింది.

ఇంజన్ నడవదు కాబట్టి బావ చువ్వ తీయలేదు. చేత్తో తడుముకుంటూ వెళ్లి ఆ గొట్టం ఊడదీశాడు. వేడికి రంగు పెచ్చులు లేచింది. ఒక పట్టీ చీలికలోకి ముడుచుకుపోయి వేలాడుతోంది. బావ బొటనవేలి గోటితో గీరాడు. కింద పసుపు కనిపించింది. షెడ్డులో ఆ టేపు వాడేది నేనొక్కణ్నే, ఆ నల్లరంగు కొట్టేదీ నేనొక్కణ్నే.

"ఎప్పుడు విన్నావురా?"

"మొదటి రోజే, బావా."

"ఎంత గట్టిగా ఉంది?"

నేను ఆయన చేతిలోని గొట్టం వంకే చూశాను. బావ డెంటింగు మేస్త్రీ వైపు తిరిగాడు. ఆయన తల దించుకున్నాడు. చివరికి నర్సమ్మే నెమ్మదిగా అంది. "నాకూ వినపడిందండీ. పాత కార్లకు మామూలేమో అనుకున్నాను."

"అయితే అందరికీ వినపడింది" అన్నాడు బావ.

నన్ను కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. నేను తెచ్చి దాచిన కొత్త గొట్టం బయటికి తీసి ఇస్తే అందుకుని, తనే బిగించి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయాడు. ఈసారి మేము బతిమాలడానికి వెళ్లలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం?

నర్సమ్మ ఆ కారు అమ్మేసింది. మణికట్టు అతుక్కుంది గానీ వేళ్లు సరిగా ముడుచుకోవడం లేదట. సూది పట్టుకుంటే వణుకుతోందట. ఆమె వెళ్లే ఇళ్లకు ఇప్పుడు వేరెవరో వెళ్తున్నారు. నేను రెండుసార్లు ఆమె వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

బావ చెవిని డాక్టరు చూశాడు. పోయిన వినికిడి తిరిగి రాదన్నాడు. మిషన్ ఇచ్చాడు. అది డబ్బాలోనే ఉంది. వారం తరువాత బావ తనంతట తనే షెడ్డుకు వచ్చాడు. అప్పటినుంచి టైర్లు విప్పుతాడు, ఆయిల్ మారుస్తాడు. నాతో మామూలుగానే మాట్లాడతాడు. ఆ గొట్టం ఊసు ఒక్కసారీ ఎత్తలేదు.

మొన్న ఒక పాత కారు వచ్చింది. సిగ్నల్ దగ్గర ఆగిపోతోందట, పెట్రోలు తెగ తాగుతోందట. అలవాటు కొద్దీ నేను కంప్రెసర్ ఆపాను. డెంటింగు మేస్త్రీ సుత్తి కింద పెట్టాడు. ఇద్దరం ఆయన వైపే చూస్తూ నిలబడ్డాం.

టైరు ముందు గొంతుక్కూర్చున్న బావ తలెత్తి మమ్మల్ని చూశాడు.

"ఎందుకాపారు? మీ పని మీరు చేసుకోండిరా. నాకేం అడ్డం కాదు."

నేను కంప్రెసర్ ఆన్ చేశాను.