ఉప్పెక్కిన పులాకా గుంట

మా మేనత్త మెలాలికి పులాకా గుంటంటే పంచప్రాణాలు. పసిఫిక్ సముద్రం మధ్యనున్న మా ఫునాఫుతి దీవిలో మంచినీళ్లు తగిలేదాకా నేల తవ్వి, ఆ గుంటలో చేమలాంటి పులాకా దుంప పెంచుతాం. ఏ ఆకులు ఎరువుగా వేస్తారో ఏ ఇల్లూ పక్కింటికి చెప్పదు. అత్తకి తన ఎరువు వాళ్లమ్మ, అంటే మా నానమ్మ, నేర్పింది. నేను తొంగిచూస్తే చాలు, "పోవే, నీ నోట్లో నువ్వుగింజ నానదు" అని తరిమేది.

పెద్ద పోటు వచ్చినప్పుడు మాకు సముద్రం ఒడ్డు దాటి రాదు. కాళ్ల కింద నేలలోంచే బుడబుడమని ఉబుకుతుంది. ఆ ఏడు వంటపాకలోకి వచ్చింది, ఇంటి ముందున్న నానమ్మ సమాధి దాకా పాకింది. అత్త చీపురుతో ఊడ్చేసి, "వాన నీళ్లే" అంది. వాన పడి నెలయింది. ఆమెతో ఎవరు వాదిస్తారు?

"జలప్రళయం మళ్లీ రాదని దేవుడు మాటిచ్చాడు. మబ్బులో రంగుల ధనుస్సు పెట్టి మరీ ఇచ్చాడు. ఇంకా భయపడితే విశ్వాసం లేనట్టే" అనేది. ఆ మాట మీద నమ్మకంతోనే తల్లిని ఇంటి ముందే పూడ్చుకుంది.

భూమి వేడెక్కి సముద్రం పెరగకుండా పొగ తగ్గించుకుంటామని దేశాలన్నీ రాసుకున్న ఒప్పందానికి మా చర్చిలు మద్దతు చెప్పాలనుకున్నది అప్పుడే. ఒప్పుకున్నవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి నిలబడాలి. ఇయోపు పాస్టరుగారు ఇల్లిల్లూ తిరిగి చెబుతూ మా ఇంటికీ వచ్చారు.

"దేవుడి మాటకి మనుషుల కాగితం పూచీయా అయ్యగారూ?" అంది అత్త. "నేను లేవను. లేస్తే ఆయన్ని అబద్ధాలకోరు అన్నట్టే."

చర్చిలో పాట ఎత్తేది ఆమే. ఆమె లేవకపోతే ఆడవాళ్లలో సగం మంది లేవరు.

శనివారం పాస్టరుగారికి భోజనం పంపే వంతు మాది. అత్త అన్నిటికంటే పెద్ద దుంప చూసి పీకింది. చేతిలోకి కాడ ఒక్కటే వచ్చింది. అడుగున దుంపంతా కుళ్లిపోయింది. ఇంకోటి పీకింది. అదీ అంతే. గుంటలో నీళ్లు వేలితో తీసి నాలుక్కి రాసుకుని, అక్కడే కూలబడింది.

"ఉప్పా అత్తా?"

"నోరు ముయ్యి." చేతిలో కాడ పక్కన పడేసి అంది. "దేవుడే మాట తప్పితే మా అమ్మ గతేంటే? ఎవర్ని నమ్మి పూడ్చాను?"

అత్త భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఆ పూట పాస్టరుగారికి కొట్లో కొన్న బియ్యం వండి పంపాం.

ఆదివారం పాస్టరుగారు లేవమనగానే అందరూ అత్త వైపు చూశారు. ఆమె కూర్చునే అడిగింది.

"ఒక్కటి చెప్పండి అయ్యగారూ. మాట తప్పింది దేవుడేనా?"

పాస్టరుగారు ఆమె దగ్గరికి వచ్చారు. "కాదమ్మా. తను ముంచనన్నాడు. మనుషులు ముంచరని ఆయన అనలేదు."

అత్త నా భుజం పట్టుకుని లేచింది. ఆమె వెనకే ఆడవాళ్లంతా లేచారు. నా ప్రాణం కుదుటపడింది. ఆమె మాత్రం నా భుజం వదల్లేదు.

"ఆయన తప్పు లేదన్నారుగా. ఇంకేం భయం అత్తా?" అని గొణిగాను.

"దేవుడైతే ఏడిస్తే వింటాడే" అంది. "ఎక్కడో ఉండి పొగ వదిలే ఆ మనుషులకి మన ఏడుపు ఎలా వినబడుతుంది?"