కండక్టరమ్మకు జీతంతో సెలవు

మా బావ పిరికివాడు. ఈ మాట ఆయన లేనప్పుడు చూసి అంటున్నది కాదు, ఎదురుగా నిలబడి చాలాసార్లు అన్నదే. అన్నప్పుడల్లా ఆయన తలూపి, నిజమే మరదలా అని ఒప్పుకునేవాడు. ఒప్పేసుకునే మనిషితో పోట్లాట ఎలా సాగుతుంది? అందుకే ఆయనంటే నాకు సగం ప్రేమ, సగం ఒళ్ళుమంట.

ఆయన పని లిఫ్టులు బాగుచేయడం. పెద్ద పెద్ద భవనాల్లో, నిలువు నుయ్యి లాంటి చీకట్లో, నడుముకు బెల్టు బిగించుకుని ఇనుప తాళ్ళ మధ్య వేలాడుతూ పనిచేస్తాడు. అదే మనిషి ఇంట్లో కుక్కరు కూత వేస్తే ఉలిక్కిపడతాడు. ఇదేం విడ్డూరం బావా అని ఒకసారి అడిగాను. లిఫ్టయితే మూత విప్పి లోపల ఏముందో చూసుకోవచ్చు, ఆవిరి మీదున్న కుక్కరును విప్పలేం కదా అన్నాడు. విప్పి చూడలేనిది ఏదైనా ఆయనకు భయమే.

మా అక్క ఇందుకు పూర్తిగా భిన్నం. సిటీ బస్సులో కండక్టరు. టిక్కెట్ల మిషను మెడలో వేసుకుని, నిలబడడానికి చోటు లేని బస్సులో ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా జనాన్ని చీల్చుకుంటూ పోయేది. ఆమె "రైట్ రైట్" అంటే మా బస్సే కాదు, వెనకాల బస్సు కూడా కదులుతుందని డ్రైవర్లు నవ్వుకునేవారు. పెళ్ళిచూపుల్లో బావకు గొంతు పెగలకపోతే, ప్రశ్నలన్నీ అక్కే అడిగి జవాబులు కూడా తనే చెప్పుకుందట.

అలాంటి గొంతు రానురాను తగ్గింది. స్టాపు పేరు అరిచి ఆయాసపడేది. ఒకరోజు డిపోలో బస్సు మెట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేకపోయింది. గుండెలో ఒక కవాటం ఇరుకైపోయిందని, దాన్ని మార్చాలని డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్‌లో ప్రమాదం లేకపోలేదు, కానీ ఆలస్యం చేస్తే అంతకన్నా ప్రమాదం అంది. మా బావ చెవికి ఎక్కింది మొదటి సగమే.

తప్పు పూర్తిగా ఆయనది కూడా కాదు. ఆయన చిన్నతనంలో వాళ్ళమ్మను ఇలాగే ఒక ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. లోపలికి పోయేముందు ఆవిడ కొడుకు జుట్టు సవరించి, టీ తాగి రారా అని పంపింది. ఆయన తాగి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఇప్పటికీ ఆయన బయట ఎక్కడా టీ తాగడు.

అందుకని తేదీలు జరుపుతూ వచ్చాడు. ఒకసారి ఇంకో డాక్టరు దగ్గర అడిగి చూద్దామన్నాడు. ఒకసారి తనకు సెలవు దొరకలేదన్నాడు. మరోసారి ఎండలు తగ్గనీ అన్నాడు. ఈలోగా అక్క వీపు వెనక దిండ్లు పెరిగాయి. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి కూర్చునే కునుకు తీసేది. ధైర్యం చెప్పాల్సిన నేను కూడా ఆ దిండ్లు చూసి భయపడి, నోరు మూసుకుని ఇంటికి వచ్చేసేదాన్ని.

నేను రంగుల దుకాణంలో లెక్కలు చూస్తాను. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుండగా బావ వచ్చి, రంగు డబ్బాల మధ్య ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు. తెలిసినవాళ్ళ కంపెనీ ఒకటి ఉందని, చిన్నదని, నెలనెలా నష్టపోతోందని, ఏం చేస్తే నిలబడుతుందో చెప్పమని అడిగాడు. రాబడి ఏమిటంటే టిక్కెట్లు అన్నాడు. ఖర్చేమిటంటే హాలు అద్దె, జీతాలు, ఇద్దరు డాక్టర్లు అన్నాడు.

టిక్కెట్లమ్మే కంపెనీకి డాక్టర్లెందుకు అన్నాను. దెబ్బలు తగులుతాయి కదా అని నేల చూపులు చూస్తూ గొణిగాడు. ఆపరేషన్ కోసం దాచిన డబ్బు బ్యాంకులో వాళ్ళిద్దరి పేరునా ఉంది. ఈ అమాయకుణ్ణి ఎవడో బుట్టలో వేసుకుని దాన్నంతా ఊడ్చేశాడని నాకు రూఢి అయిపోయింది.

"ఎవరి కంపెనీ బావా?"

"నాదే."

అన్నం డబ్బాకు మూత పెట్టేశాను. అక్క ముఖం, ఆ దిండ్లు కళ్ళ ముందు తిరిగాయి. అప్పుడాయన జేబులోంచి ఫోన్ తీసి, దొంగ సొత్తు చూపించినట్టు బల్ల కింద నుంచి చూపించాడు. అది ఆట. ఫోన్లో ఆడుకునే ఆట. డబ్బు బ్యాంకులోనే ఉందని ఒట్టు వేయించుకున్నాను. ఆ తర్వాత ఆయన్ని తిట్టిన తిట్టు రెండోసారి తిట్టకుండా తిట్టాను. పాపం, అన్నీ విని, అయిపోయాక మంచినీళ్ళ సీసా అందించాడు.

అది కుస్తీ పోటీలు నడిపే చిన్న కంపెనీ ఆట. కుస్తీ మనం పట్టం. వస్తాదులను పనిలో పెట్టుకోవడం, జీతాలివ్వడం, హాలు మాట్లాడడం, ఎవరి మీదికి ఎవరిని దింపాలో నిర్ణయించడం, టిక్కెట్టు ధర కట్టడం మన వంతు. ఎవరు గెలిచారో, ఎవరికి ఎముక విరిగిందో ఆటే చెబుతుంది. మూడు నెలలు వరసగా ఖాతా సున్నాకు దిగువన ఉంటే కంపెనీ మూత. వస్తాదుల పేర్లన్నీ చెరిగిపోతాయి. బావ కంపెనీకి అది మూడో నెల.

వస్తాదుల పేర్లు చూసి నాకు మతిపోయింది. అక్కను సతాయించే డిపో మేనేజరు ఉన్నాడు, ప్రతి ఆటలోనూ ఓడిపోతున్నాడు. ముసుగు వేసుకున్న భారీ రాక్షసుడు ఒకడున్నాడు, వాడి పేరు కుక్కర్. జనం ఈలలు వేసి గోల చేసే "గయ్యాళి మరదలు" అని ఒకామె ఉంది. అందరికన్నా తక్కువ జీతం ఆమెకే. దాని సంగతి తర్వాత తేలుస్తానని చెప్పి కిందికి జరిపాను. అందరికన్నా పైన, అందరికన్నా పెద్ద జీతంతో, కండక్టరమ్మ. పేరు పక్కన "సెలవు" అని ఉంది.

లెక్కలు చూడడం నాకు కూడూ గుడ్డా పెట్టే పని. కంపెనీకి ఏ జబ్బు చేసిందో ఇట్టే తెలిసిపోయింది. జనం వచ్చేది కండక్టరమ్మ కోసం. ఆమెనేమో ఈయన నెలల తరబడి జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టిన కొద్దీ హాలు ఖాళీ అయింది, కూర్చున్న కొద్దీ ఆమె బలం చూపే గీత కూడా తరిగిపోతూ వచ్చింది. గోదాలోకి దింపితే కంపెనీ బతుకుతుంది, ఇంత మాత్రం తెలియదా అని కసిరాను.

బావ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని బల్ల మీద బోర్లా పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"ఆఖరిసారి దింపినప్పుడు ఛాతీకి దెబ్బ తగిలింది. నేను ఫోన్ మూసేలోగా డిపో నుంచి కబురొచ్చింది, మీ అక్క మెట్టు మీద కూలబడిందని. గోదాలోకి నేనే పంపాను మరదలా."

నవ్వాలి నేను. మామూలుగా అయితే వారం రోజులు నవ్వేదాన్ని. కానీ ఆ పూట నాకూ భయం వేసింది. ఆమెను దింపే మీట నొక్కమని ఇంకోసారి చెప్పడానికి నాకే నోరు రాలేదు. కంపెనీ మూతపడితే కండక్టరమ్మ పేరు చెరిగిపోతుంది. దింపితే ఏమవుతుందో తెలియదు. ఈ రెంటి మధ్యా ఆయన ఎన్నాళ్ళుగా నలుగుతున్నాడో అప్పుడర్థమైంది. ఫోన్లోనే కాదు, ఇంట్లోనూ అదే పని చేస్తున్నాడని కూడా అర్థమైంది.

యజమానికి తలనొప్పని చెప్పి, ఆయన్ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి పోయాను. అక్క కిటికీ పక్క మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఖాకీ చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. ఎప్పుడు వేసుకుంటుందో తెలియని చొక్కా. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోతే నేనే మొత్తం చెప్పేశాను. అక్క దారం కొరికి, ఫోన్ ఇమ్మని చెయ్యి చాపింది.

తన జీతం చూసుకుంది. పని చెయ్యకుండానే ఇంతా అని అడిగి, డిపోలో కూడా మిమ్మల్నే మేనేజరుగా పెట్టాల్సింది అంది. తర్వాత నవ్వు ఆపేసి ఆయన వైపు చూసింది.

"ఎన్నాళ్ళు కూర్చోబెడతారండీ?"

"బాగయ్యేదాకా."

"కూర్చుంటే బాగవుతుందా?"

అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. పెద్ద హాలు మాట్లాడింది. టిక్కెట్టు ధర పెంచింది. ఇద్దరు డాక్టర్లెందుకు, ఒకరు చాలు అని ఒకణ్ణి పంపేసింది. కండక్టరమ్మ సెలవు రద్దు చేసింది. ఎదుటి వస్తాదుగా కుక్కర్ని ఎంచుకుంటే బావ గబగబా వచ్చి, వాడు వద్దే, డిపో మేనేజర్ని పెట్టుకో అని బతిమాలాడు. అక్క వినలేదు. మధ్యలో ఊపిరి అందక ఒకసారి ఆగి, "రైట్ రైట్" అని నొక్కేసింది.

కండక్టరమ్మ ఓడిపోయింది.

బావ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నేను ఆ అక్షరాలు మళ్ళీ ఒకసారి చదివాను. ఆట అని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం వెళ్ళిపోతుందా? అక్క మాత్రం కళ్ళజోడు సర్దుకుని కింద ఇంకేం రాసుందో చదువుతోంది. హాలు నిండింది. ఖాతా సున్నా మీదికి వచ్చింది. కంపెనీకి గండం గడిచింది.

"ఓడిపోయాను. పేరైతే ఉందిగా," అంది అక్క. "రేపు ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ అడగండి. ఈసారి జరిపారంటే నేనొక్కదాన్నే బస్సెక్కి పోతాను."

తేదీ దొరికింది. ఆ మధ్య రోజుల్లో బావ తిండి తిన్నది తక్కువ, నాతో గుసగుసలాడింది ఎక్కువ. ఓడిపోయింది కదా మరదలా, అది మంచిదంటావా అని అదే ప్రశ్న. ఒకరోజు ఆసుపత్రికి పోయి, అక్కడి లిఫ్టు చూసే మనిషిని బతిమాలి, మోటారుండే పై గది తెరిపించుకుని బ్రేకు మొత్తం చూసుకుని వచ్చాడట. ఆ ఆసుపత్రిలో ఆయన విప్పి చూడగలిగింది అదొక్కటే.

ఆ ఉదయం అక్కను చక్రాల మంచం మీద పైకి తీసుకెళ్ళారు. లిఫ్టులో అక్క నా మీద జోకులు వేసింది, గయ్యాళి మరదలికి జీతం పెంచమని బావకు సిఫారసు చేసింది. ఆపరేషన్ గది తలుపు ముందు మంచం ఆగింది. ఆకుపచ్చ బట్టల ఆయా, ఇక్కడిదాకేనమ్మా అంది. అక్క నవ్వు అక్కడ ఆగిపోయింది.

మా అక్క భయపడడం నేనెప్పుడూ చూడలేదు. తెరిచిన తలుపు లోపలి తెల్లటి వెలుతురు కేసి చూస్తూ బావ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు పాలిపోయేంత గట్టిగా పట్టుకుంది. ఆయా ఒకసారి పిలిచి, వదలండమ్మా అని మెల్లగా చెప్పింది. అక్క వదల్లేదు. బావ వదిలించుకోలేదు. ఇక ఈయన మంచాన్ని వెనక్కి తోసుకుని ఇంటికి తీసుకుపోతాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, తీసుకుపోతే బాగుండని కూడా అనుకున్నాను.

ఆయన అక్క మీదికి వంగాడు. రెండో చేత్తో అక్క జుట్టు చెవి వెనక్కి సవరించాడు. గొంతు సవరించుకున్నాడు. రాలేదు. ఇంకోసారి సవరించుకున్నాడు.

"రైట్ రైట్," అన్నాడు.

అక్క వేళ్ళు వదులయ్యాయి. ఆయా మంచాన్ని తోసింది. తలుపులు మూసుకున్నాయి. బావ చెయ్యి అలాగే గాల్లో ఉంది. టీ తెచ్చిపెట్టనా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆయన తలుపు మీద నుంచి చూపు తిప్పకుండా, వినపడి ఉంటుందా మరదలా అని అడిగాడు. గాల్లో ఉన్న ఆయన చెయ్యి పట్టుకుని కిందికి దించాను.

వినపడిందట. గొంతు నిండా ఊపిరి వచ్చాక అక్కే చెప్పింది, ఆ కేకకు ఏ బస్సూ కదలదని.