అనసూయక్క విన్నాకే అచ్చు

అనసూయక్క పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది భిక్షపతి అన్న. అప్పుడు నేను పంజగుట్టలో ఒక జిరాక్స్ దుకాణం ముందు నిలబడి ఉన్నాను. మా భజన మండలి వాళ్ళ కోసం పాటల కాగితాలు తీయిస్తున్నాను. యంత్రంలోంచి అప్పుడే వచ్చిన కాగితాల దొంతర అరచేతుల్లో వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంలోంచి వచ్చే కాలిన ఇంకు వాసన ఎప్పుడు తగిలినా నాకు అమీర్‌పేటలోని ఆ ఒక్క గది గుర్తొస్తుంది. ఆ గది తలపులోకి వచ్చిన క్షణంలోనే ఫోను మోగింది. "చెల్లె, అక్క లేదు ఇగ. పొద్దుగాల్ల నిద్రలనే పోయిందట," అన్నాడు. తర్వాత అతనే అన్నాడు: "రాత్రి నేను రాసింది ఎవరికి సదివి వినిపించాలె చెప్పు?" డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు. కాగితాలు గుండెకు ఆనించుకుని, రోడ్డు మీదే మనసులో ఆమెకు దండం పెట్టుకున్నాను.

అమీర్‌పేట మైత్రీవనం భవనం వెనక సందులో, రెండో అంతస్తులో ఉండేది అక్క డీటీపీ సెంటర్. అంటే రాతప్రతులను కంప్యూటర్లో టైపు చేసి, అచ్చుకు పంపే పేజీలుగా కట్టే చోటు. అంతకుముందు ఆ గదిలో ఆమె భర్త టైపు నేర్పేవాడట. కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లు మూలపడ్డాయి, ఆ దిగులుతోనే ఆయనా కన్నుమూశాడు. అక్క మిషన్లను పాత సామాన్లవాడికి ఇచ్చేసి, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు పెట్టింది. కింద వీధంతా కంప్యూటర్ కోర్సుల బ్యానర్లే. చంకలో ఫైళ్ళతో, నోట్లో ఇంగ్లీషు ముక్కలతో నడిచే పిల్లలే. ఎవరిని చూసినా నెల తిరక్కుండా ఉద్యోగం, ఏడాది తిరక్కుండా విమానం అన్నట్టు ఉండేవాళ్ళు. ఆ హడావిడిలోకి ఒక్క సర్టిఫికెట్టూ లేకుండా వెళ్ళినదాన్ని నేను.

నేను బడి ముఖం చూడలేదు. చిన్నప్పటి నుంచీ ఆయాసం. మెట్లెక్కితే ఊపిరి అందేది కాదు. గుంటూరు వైపు నుంచి వచ్చి పంజగుట్టలో ఒక చిన్న గుడిలో అర్చకత్వం చేసే నాన్న, సాయంత్రం పూజకు వెళ్ళేలోపు నాకు చదువు చెప్పేవారు. ఆ రోజు నేర్చుకున్న కథను వంటింట్లో అమ్మకు పైకి చదివి వినిపించాలి. అమ్మ కూర కలుపుతూ "ఊ" కొట్టేది. "ఊ" ఆగిపోయిందంటే అర్థం కాలేదని లెక్క. మళ్ళీ మొదటినుంచి చదవాలి. ఆ మందలింపులాంటి మౌనమే నాకు తెలిసిన ఏకైక పరీక్ష. నాన్న పెట్టిన ఇంకో అలవాటు, ఏ కాగితం మీదైనా పైన "శ్రీరామ" రాశాకే మొదలుపెట్టడం.

మెట్ల మీద నాలుగుసార్లు ఆగి రొప్పుతూ పైకి చేరిన నన్ను అక్క ఎగాదిగా చూసింది. మంచినీళ్ళిచ్చి, ఊపిరి కుదుటపడేదాకా ఆగి అడిగింది.

"తెలుగు సదువుతవా బిడ్డా?"

"చదువుతానండీ. కానీ నా దగ్గర సర్టిఫికెట్లు..."

"గా కాగితాలు కింద గల్లీ గల్లీకి దొరుకుతయి. గొంతు పెట్టి సదివేటోళ్ళే దొరుకుతలేరు. ఏదీ, గిది సదువు."

చేతికి ఒక పెళ్ళిపత్రిక ఇచ్చింది. చదివాను. "మంచిగున్నది. రేపటిసంది రా. టైపు నేను నేర్పుత," అంది. నా జీవితంలో నాకు జరిగిన ఇంటర్వ్యూ అదొక్కటే.

ఆమె సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. ఆ వీధిలో ఇంకెవరికీ లేదు. ఎంత తొందర పనైనా, ఎవరిదైనా, టైపు అయ్యాక ఒకసారి పైకి చదివి వినిపిస్తేనే అచ్చుకు వెళ్ళాలి. రాసినవాళ్ళు కిటికీ పక్కనున్న చెక్క స్టూలు మీద కూర్చోవాలి, నేను చదవాలి, అక్క ఓ పక్క చిక్కుడుకాయలు తుంచుకుంటూనో కాగితాల అంచులు కోసుకుంటూనో వినాలి. ఏడో తరగతితో చదువాపేసిన మనిషి. "నాకు సదువుడు అంతంతే. వినుడు వస్తది," అనేది. వింటూ వింటూ ఉన్నట్టుండి "ఆగు" అనేది. అంతే. తప్పేమిటో చెప్పేది కాదు. స్టూలు మీది మనిషి సిగ్గుపడుతూ, "అవునక్కా, అక్కడ ఏదో అతికించాను," అనేవాడు.

ఎన్ని రకాల మనుషులు కూర్చున్నారో ఆ స్టూలు మీద! కంప్యూటర్ పాఠాలు చెప్పే ఒక మాస్టారు కోర్సుల కరపత్రాల వెనకవైపు నోట్సు రాసుకొచ్చేవారు. ఆయన కూర్చుని రాయలేరు. బోర్డు ముందు నిలబడినట్టు గోడకు కాగితం ఆనించి రాసేవారు. క్లాసులో చివరి వరసలో బీకామ్ చదివిన ఒకమ్మాయి ఉందట, ఏ వాక్యానికి ఆమె నుదుటి మీద ముడి పడుతుందో ఊహించుకుంటూ రాస్తానని చెప్పారు. భిక్షపతి అన్నకైతే అసలు కాగితమే అక్కర్లేదు. కృష్ణానగర్‌లో ఒక ఇరుకు గదిలో ఉంటూ సినిమాలకు మాటలు రాసేవాడు. రాయడమంటే అటూ ఇటూ పచార్లు చేస్తూ పైకి అనడమే. ఒకే మాటను పదిరకాలుగా అనేవాడు. వాళ్ళ మేనత్త అది వింటే మధ్యలో లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతుందనిపిస్తే ఆ డైలాగు కొట్టేయమనేవాడు. నేను టైపు చేసే వేగం అతని నడక వేగాన్ని అందుకునేది కాదు.

విశ్వనాథం గారు వీళ్ళకు పూర్తిగా వేరు. కోస్తా వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన, గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. తెల్లవారి పూజయ్యాక పెన్సిలుతో రోజుకొక్క పేజీ. కొట్టివేత ఉండదు. చనిపోయిన భార్య గురించి రాస్తున్నారు. ఆమె సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకంగా వేయించి, ఆ రోజు భోజనానికి వచ్చిన బంధువులందరి చేతుల్లో పెట్టాలన్నది ఆయన కోరిక. "ఆవిడ గురించి ఎవరికీ ఏమీ తెలియదమ్మా. నలభై రెండేళ్ళు ఉండి, ఉన్నట్టు కూడా తెలియకుండా వెళ్ళిపోయింది," అనేవారు.

ఆయనకూ భిక్షపతి అన్నకూ ఒక్క క్షణం పడేది కాదు.

"రాయడం ఒక నిష్ఠ నాయనా. అలా వీధి తిరుగుడు తిరుగుతూ చేసేది కాదు," అన్నారు ఒకసారి విశ్వనాథం గారు.

"మీ నిష్ఠ అయ్యేటాలకు మా షూటింగ్ ప్యాకప్ అయితది సార్. రోజుకో పేజీ అంటే హీరో ముసలోడైతడు."

"హీరో సంగతేమో గానీ, నీ నడకకు ఈవిడ గచ్చు అరిగిపోతోంది!"

అక్క కాయ తుంచుతూ తలెత్తకుండానే అంది: "ఇద్దరు చేసేది ఒక్క పనే. జర సప్పుడు చెయ్యకుండ్రి." ఆ ఒక్క పని ఏమిటో నాకు అప్పుడు తెలియలేదు. తెలియడానికి నేనొక తప్పు చేయాల్సి వచ్చింది.

విశ్వనాథం గారి రాతప్రతిలో ఒక వాక్యం మూడుచోట్ల ఉంది. "ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది." ఆయన ఆఫీసుకు బయల్దేరే రోజుల దగ్గర ఒకసారి, నడుమ ఒకసారి, చివరి పేజీలో ఒకసారి. అవే మాటలు, ఒక్క అక్షరం తేడా లేదు. పాపం పెద్దతనం, రాసింది మరిచిపోయి మళ్ళీ రాశారనుకున్నాను. బంధువుల చేతుల్లోకి వెళ్ళే పుస్తకం, ఎవరైనా నవ్వితే? ఆయన పరువు కాపాడుతున్నాననే నమ్మకంతో, ఎవరికీ చెప్పకుండా, మొదటిది ఉంచి మిగతా రెండూ వాటి చుట్టూ ఉన్న ముక్కలతో సహా తీసేశాను. చదువు వచ్చినదాన్ని కదా!

సంవత్సరీకానికి ఐదు రోజులుంది. పేజీలన్నీ అచ్చుకు వెళ్ళే పల్చటి ట్రేసింగ్ కాగితం మీదకు తీసేశాను. ప్రెస్సువాళ్ళు ఎదురుచూస్తున్నారు. పద్ధతి ప్రకారం ఆయన వచ్చి స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. నేను చదివాను. ఆయన పెదవులు నాతోపాటే కదులుతున్నాయి. చివరి పేజీ ముగించేసరికి ఆయన కళ్ళు తెరిచి, కిటికీలోంచి బయటకు చూసి, "బాగుందమ్మా, చాలా బాగా వచ్చింది," అని లేచి కండువా సర్దుకున్నారు.

"ఆగుండ్రి సార్," అంది అక్క. చేతిలోని కత్తెర పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "సార్ పెదవులు ఒకటి చెప్తున్నయి, నువ్వొకటి సదువుతున్నవ్. ఏం చేసినవ్ బిడ్డా?"

ఉన్నదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. మళ్ళీ స్టూలు మీద కూర్చుని, తన తప్పేదో ఒప్పుకుంటున్నట్టు మెల్లగా చెప్పారు.

"మరిచిపోయి రాయలేదమ్మాయీ. నేను ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో ఆవిడ గుమ్మం దాకా వచ్చి నిలబడేది. నేను వెనక్కి చూసేవాణ్ణి కాదు. అది మొదటిది. రిటైరయ్యాక కూరగాయలకు వెళ్తున్నా వచ్చి నిలబడేది. అప్పుడు చూశాను. చూసి కూడా ఒక్క మాట అనలేదు. అది రెండోది." కిటికీ వైపు తిరిగారు. "మూడోసారి ఆవిడ రాలేదమ్మా. మంచం మీదే ఉంది, లేవలేదు. వచ్చినట్టు రాసుకున్నాను."

నేను ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే, "ఛ, ఏంటమ్మా ఇది. నువ్వు మంచికే చేశావు. టైమ్ లేదు, ఇలాగే పోనీండి," అన్నారు. ఆ "పోనీండి" నేను ఈ జన్మలో మరవలేను.

అక్క ప్రెస్సుకు ఫోను చేసింది. "రెండు దినాలు ఆగుండ్రి. తప్పు మాది," అంది. తప్పు నాది అనలేదు. తీసినవి పెట్టగానే పేజీలన్నీ జరిగిపోయాయి. అన్నీ మళ్ళీ కట్టి, మళ్ళీ ట్రేసింగ్ తీయాలి, మళ్ళీ రాతప్రతితో సరిచూడాలి. మర్నాడు ఆదివారం. షట్టరు సగం దించి కూర్చున్నాం. రాతప్రతి పట్టుకుని చదివి చెప్పడానికి మనిషి కావాలంటే, ఆ పొద్దున భిక్షపతి అన్న కృష్ణానగర్ నుంచి నడుచుకుంటూ వచ్చాడు. "ముసలాయనకు చెప్పకుండ్రి, ఇజ్జత్ పోతది," అని షరతు పెట్టాడు. పచార్లు చేయకుండా గోడకు ఆనుకుని కదలకుండా చదివాడు. మూడోసారి ఆ వాక్యం వచ్చినప్పుడు ఆగిపోయాడు. "జర నీళ్ళియ్యి చెల్లె," అన్నాడు. నీళ్ళు తాగకుండానే గ్లాసు పట్టుకుని, "నేను పదిరకాలుగ అంటె రానిది, గీయన ఒక్కతీరుగ మూడుసార్లు అని తెచ్చిండు," అన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురం పులిహోర తింటుండగా అక్క నాతో అంది: "నీకు సదువు మంచిగొచ్చు. గందుకే వినుడు మరిచినవ్." కొట్టినా అంత తగిలేది కాదు. మా వంటిల్లు గుర్తొచ్చింది. అమ్మ "ఊ" ఆగితే మళ్ళీ చదివినదాన్నే నేను. ఎదుటివాళ్ళ మౌనం వినడం ఎప్పుడు మానేశాను? కళ్ళు తుడుచుకుంటూ అడిగాను, ఇద్దరూ చేసేది ఒక్క పనే అన్నావు కదక్కా, ఏమిటది అని. "గీ స్టూలు మీద కూసున్నోళ్ళను సూడలేదా? నడుసుకుంట రాసిండా, కూసోని రాసిండా, నాకెందుకు? నువ్వు సదువుతుంటె ఎవ్వరు నిన్ను సూడరు, నన్ను సూడరు. లేని మనిషి ఎవరో వింటున్నట్టు అటు సూస్తరు. ఆ మనిషికి నచ్చిందా లేదా అని ఊపిరి బిగవడతరు. అందరు గంతే."

చివరి వరసలోని అమ్మాయి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయే మేనత్త, గుమ్మంలో నిలబడిన ఇల్లాలు. నేను రోజూ చదువుతూ చూడనిది, ఆమె కాయలు తుంచుకుంటూ చూసింది.

పుస్తకం సంవత్సరీకం నాటి పొద్దునకు అందింది. నడుమకు మడిచి కుట్టిన అరవై పేజీలు. విశ్వనాథం గారు చివర కృతజ్ఞతల్లో అక్క పేరు వేస్తానంటే, "అమ్మ పుస్తకంల నా పేరెందుకు సార్," అని ఒప్పుకోలేదు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, నేను కొత్త ఫైలు తెరిచి పైన "శ్రీరామ" కొట్టి, అచ్చుకు పంపేముందు చెరిపేయడం చూసి అడిగింది: "ఎందుకు తుడుస్తవ్?" వాళ్ళ కాగితం కదక్కా అన్నాను. "అయితె నీదొక కాగితం రాయి. ఆ రామునికే సదివి వినిపిస్తున్న అనుకొని రాయి. గాయన కంటె మంచిగ వినేటోడు ఎవరున్నరు?" నాకేం వచ్చక్కా రాయడం అన్నాను. "ఎవరికి వచ్చు?" అని నవ్వింది. నేను రాసిన ప్రతి ముక్కా ఆ నవ్వు పెట్టిన భిక్ష.

తర్వాత వీధి మారింది. సెంటర్ మూతపడింది. ఇప్పుడు మెట్రో నీడ పడుతుంది అక్కడ. అక్క సామాన్లు ఇచ్చేస్తుంటే నేను ఆ చెక్క స్టూలు అడిగి తెచ్చుకున్నాను. మా పూజగదికి ఎదురుగా ఉంటుంది. ఏది రాసినా దాని ముందు కూర్చుని పైకి చదువుతాను. దీన్నీ అలాగే చదివాను. కిందటి నెలలో అక్కకు బాగాలేదని తెలిసి వెళ్ళి చూసి, చేయి పట్టుకుని కూర్చున్నానని ఇక్కడ ఒక పేరా ఉండేది. చదువుతుంటే ఊపిరి బిగిసింది. "ఆగు," అన్నట్టు వినిపించింది. నేను వెళ్ళలేదు. ఆయాసంగా ఉందని, వచ్చే వారం వెళ్దామని ఆగిపోయాను. విశ్వనాథం గారిలాగే, వెళ్ళినట్టు రాసుకున్నాను. ఆయన వాక్యాన్ని చెరిపిన చేతులతోనే నా పేరాను తీసేశాను. కాకపోతే ఈసారి చెప్పి తీశాను.

ఆమె పేరు ఏ పుస్తకం మీదా లేదు. ఆ గదిలోంచి వెళ్ళిన ఏ పేజీలోనూ ఆమె రాసిన ముక్క లేదు. ఇది చదివిన మీరు ఆమెను చూడలేదు, ఇక చూడలేరు. ఒక్కటే అడుగుతున్నాను. ఎప్పుడైనా మీరు రాసిన ఉత్తరమో, చిన్న చీటీయో ఎవరికైనా పైకి చదివి వినిపించేటప్పుడు, మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, అమీర్‌పేటలో కిటికీ పక్కన కాయలు తుంచుకుంటూ విన్న అనసూయక్కను తలుచుకోండి.