ఎవరి నడకతో ఐదు నిమిషాలు?

"పార్కుకి ఐదు నిమిషాల నడక" అని అల్లుడు ఫోన్‌లో చదివి వినిపించగానే డొల్ల మేస్త్రి భోజనం చేస్తున్న చెయ్యి ఆపేశాడు.

"ఎవరి నడక?" అని అడిగాడు.

"ఎవరిదేంటి మావయ్యగారూ! మనిషి నడక."

"రాసినవాడి నడకా, మీ అత్తయ్య నడకా?"

అల్లుడు మాట మార్చి హోటల్ గది ఫోటోలు చూపించాడు. తెల్లటి పక్కబట్టలు, కిటికీలోంచి ఎండ, బల్ల మీద ఒక పువ్వు. మేస్త్రి వాటిని ముందుకీ వెనక్కీ జరిపి చూసి, "అన్నిట్లోనూ మంచం ఉంది. ఒక్కదాంట్లోనూ నేల లేదు. నేల ఎందుకు చూపించడు?" అన్నాడు.

"హోటల్ వాళ్ళు నేల ఫోటో ఎందుకు పెడతారండీ?"

"అదే నేనూ అడుగుతున్నది."

ఇళ్ళలో నేలకి టైల్స్ పరవడం మేస్త్రి పని. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. పెద్దవాళ్ళు వేస్తుంటే చూసి, వాళ్ళు వెళ్ళిపోయాక వేసిన నేలని వేలి కణుపుతో కొట్టి చూసి నేర్చుకున్నాడు. పలక కింద సిమెంటు నిండుగా ఉంటే ఒక చప్పుడు వస్తుంది, కింద గాలి ఉంటే ఇంకో చప్పుడు. గాలి చప్పుడు వినిపించగానే "డొల్ల" అంటాడు. తోటి మేస్త్రీల ముందు అంటాడు, ఇంటి యజమానుల ముందు అంటాడు, పెళ్ళికి పిలిస్తే వెళ్ళి కల్యాణమండపం నేల కొట్టి అక్కడా అంటాడు. అలా డొల్ల మేస్త్రి అయ్యాడు. ఆయన వేసిన నేలలో డొల్ల పలక చూపించినవాడు మాత్రం ఇంతవరకు లేడు.

పలకల్ని కొట్టినట్టే మనుషుల్నీ కొట్టి చూసేవాడు. అడిగిందే మాట మార్చి రెండోసారి అడిగేవాడు. రెండు జవాబులూ ఒకటైతేనే నమ్మేవాడు. తనకేం కావాలో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. "మన అవసరం తెలిస్తే దానికి సరిపోయే జవాబు కోసి అతికిస్తారు" అనేవాడు.

అందరికంటే ఆయన నమ్మనిది భార్య మోకాలిని. నొప్పిగా ఉందా అంటే "లేదండీ, బాగానే ఉంది" అంటుంది. ఆ మాట అలా అంటూ అంటూనే ఒకరోజు వంటింట్లో కూలబడింది. మోకాలి ఆపరేషన్ దాకా వెళ్ళింది వ్యవహారం. ఆసుపత్రి మంచం మీద ఉండగా, తన చేతుల మీద పెరిగిన మనవరాలికి ఆవిడ మాటిచ్చింది: "నా కాళ్ళ మీద నేను లేచి నడిస్తే నిన్ను పార్కుకి తీసుకెళ్తానే. నువ్వు జెయింట్ వీల్ ఎక్కు. నేను కింద నిలబడి చెయ్యి ఊపుతాను."

ఇప్పుడు లేచి నడుస్తోంది, మెల్లగా. మనవరాలు మాట మర్చిపోలేదు. "అమ్మమ్మ కింద నిలబడితేనే ఎక్కుతా" అని భీష్మించుకుంది. అమ్మమ్మదీ అదే పట్టు. "చక్రాల కుర్చీలో తోసుకుపోతానంటే నేను రాను. నడుస్తానన్నాను, నడిచే వస్తాను. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి దగ్గర్లో గది ఉంటే చాలు."

అంటే గది అబద్ధంగా దగ్గరైతే మొత్తం ప్రయాణమే అబద్ధం. అందుకే మేస్త్రి అల్లుడి ఫోన్ పక్కన పెట్టి, ప్రయాణానికి వారం ముందే ఒంటరిగా బస్సెక్కాడు. సంచిలో టైల్స్ సమం చేసుకునే సన్నటి చెక్క ఒకటి, రెండు పాత గుడ్డపేలికలు పెట్టుకున్నాడు. ఎక్కడికని భార్య అడిగితే "పని చూడ్డానికి" అన్నాడు.

నేల పని చేసేవాడు చివరి గోడ దగ్గర మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి తలుపు వైపు వెనక్కి జరుగుతూ వస్తాడు, లేకపోతే పచ్చి పలకల మీద కాలు పడుతుంది. మేస్త్రి ఏ పనికైనా అలాగే లెక్క వేసేవాడు. ఈ పనికి చివరి గోడ ఏది? తిరిగి తిరిగి అలిసిపోయి భార్య పార్కులోంచి బయటికి వచ్చే ఘడియ. ఆ కాళ్ళు ఎంత దూరం నడవగలవో అదే అసలు దూరం. కాబట్టి సాయంత్రం జనం బయటికి పోటెత్తుతున్న గేటు ముందు నిలబడ్డాడు. అక్కణ్ణుంచి వెనక్కి జరగాలి.

చెట్టు చాటుకి వెళ్ళి ఎడమ మోకాలికి చెక్క ఆనించి గుడ్డలతో బిగించి కట్టాడు. పైకి మడిచిన ప్యాంటు కాలు కిందికి దింపుకున్నాడు. ఇక నడక మొదలుపెట్టాడు. ఎడమ కాలు వంగదు, దాన్ని పక్కనుంచి తిప్పి వెయ్యాలి. వేసినప్పుడల్లా కుడి భుజం కిందికి దిగాలి. నాలుగు అడుగులకోసారి గోడకి చెయ్యి ఆనించాలి. ఇంట్లో రోజూ చూసే భార్య నడకే. ఒంటి మీదికి తెచ్చుకున్నాక తెలిసింది, అది కాలి నడక కాదు, నడుం నడక. ఇంతకాలం నడుం గురించి ఒక్కసారీ అడగలేదని గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

మొదట కనిపించింది అద్దాల హోటల్. లోపల అంతా తివాచీ. తివాచీ పరిచాడంటే కింద ఏదో దాస్తున్నాడని మేస్త్రి లెక్క. పైగా అక్కడి కుర్రాడు ఏది అడిగినా "తప్పకుండా సార్" అన్నాడు. లిఫ్ట్ ఉందా అంటే తప్పకుండా, నిశ్శబ్దంగా ఉంటుందా అంటే తప్పకుండా. అద్దె చెప్పేసరికి మేస్త్రి కూడా "తప్పకుండా" అని బయటికి వచ్చేశాడు.

రెండోది సందు మొదట్లో ఉన్న పాత రెండంతస్తుల హోటల్. కౌంటర్ దగ్గర మందపాటి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ తువ్వాళ్ళు మడత పెడుతోంది. అద్దె విని మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. ఇంత చవకేమిటి? ఎక్కడో డొల్ల ఉంది. నడవాలో వంగి వేలితో కొట్టాడు. ఉంది.

"అవి డొల్లవే లెండి" అంది కళ్ళజోడావిడ తలెత్తకుండానే. "కింద పైపు మార్చాం. మళ్ళీ సరిగ్గా వేసే మనిషి దొరకలేదు. మీరు టైల్స్ మనిషా?"

"కాదు" అన్నాడు మేస్త్రి. అడక్కుండానే లోపం ఒప్పుకుందంటే ఇంకా పెద్దదేదో దాస్తోందని అనుమానం. "చవకెందుకు?"

"లిఫ్ట్ లేదు, అంకుల్. కింది గదులకి వంటింటి చప్పుడు. పొద్దున్నే గిన్నెలు మోగుతాయి."

కింది గది చూశాడు. స్నానాల గదిలో మగ్గుతో నీళ్ళు కుమ్మరించి నిలబడ్డాడు. నీళ్ళు ఎక్కడా ఆగకుండా, ఒక మూలకి పోగై వెళ్ళిపోయాయి. నీళ్ళు పోయే వాటం తప్పలేదు. ఆ గది నేల వేసినవాడెవడో పని తెలిసినవాడే. కాలు జారదు. మనసు సగం ఒప్పుకుంది.

"పార్కు గేటు దగ్గరేనా?" అన్నాడు.

"ఏ గేటు, అంకుల్?"

ప్రశ్నకి ప్రశ్న. చప్పుడు తేడాగా వినిపించింది. తప్పించుకునేవాళ్ళే ఇలా ఎదురు ప్రశ్న వేస్తారు.

"గేటమ్మా, గేటు. జనం తిరిగే గేటు."

"అది కాదండీ, అక్కడ రెండు..."

"సరేలే, నేను నడిచే వచ్చాను. నాకు తెలుసు" అని ఆవిడ మాట తుంచేసి, బయానా ఇచ్చి గది ఖాయం చేసుకున్నాడు.

ఇంకోసారి నడిచి చూద్దామని మళ్ళీ గేటు దాకా కుంటుతూ వెళ్ళాడు. అలవాటు కొద్దీ గోడని కూడా రెండుసార్లు కొట్టి చూశాడు. తృప్తిపడి, చెట్టు చాటున చెక్క విప్పి, బస్సుకి టైమవుతోందని చకచకా నడిచాడు. మీసాల సెక్యూరిటీ గార్డు ఎదురొచ్చి అడ్డం నిలబడ్డాడు.

"ఏం పెద్దాయనా, ఇందాక కుంటావు, ఇప్పుడు పరిగెడుతున్నావు? మా గోడతో ఏం పని?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే కుంటేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. మొహం గుర్తు పెట్టుకుంటాను, వెళ్ళు."

మేస్త్రి వెళ్ళిపోయాడు. సంజాయిషీ చెప్పడం ఆయనకి అలవాటు లేదు.

అనుకున్న రోజు పొద్దున్న ముగ్గురూ హోటల్ దగ్గర్నుంచి ఆ దారినే నడిచారు. భార్య ఎక్కడ ఆగుతుందని ఆయన అనుకున్నాడో అక్కడే ఆగింది. ఎక్కడ గోడకి చెయ్యి ఆనిస్తుందనుకున్నాడో అక్కడే ఆనించింది. మేస్త్రి లోపల్లోపల మురిసిపోయాడు. గేటు వచ్చింది. మూసి ఉంది. ఆ సాయంత్రం తెరిచిన తలుపు మీద కనబడని బోర్డుని మనవరాలు గట్టిగా చదివింది.

"బయటికి మాత్రమే. లోపలికి వెళ్ళే దారి అవతలి వైపు. తాతయ్యా, అవతలి వైపంటే?"

అవతలి వైపంటే గోడ వెంట చుట్టూ తిరిగి పార్కు వెనక్కి. గోడ ఎక్కడ మలుపు తిరుగుతుందో కూడా కనిపించడం లేదు. ఆ వీధిలోకి ఆటోల్ని రానివ్వరు. వెనక్కి హోటల్ దాటి పెద్ద రోడ్డు దాకా నడిస్తే గాని బండి దొరకదు. ఏ గేటు అని ఆవిడ ఎందుకడిగిందో మేస్త్రికి అప్పుడర్థమైంది. చివరి గోడ దగ్గర మొదలుపెట్టినవాడు తలుపు ఎక్కడుందో చూసుకోలేదు.

భార్య గోడ వైపు ఒకసారి చూసింది. "నడుస్తాలెండి, బాగానే ఉంది" అంది. ఆ మాట వెంటనే మళ్ళీ తనే, "పోనీ నేను గదిలో పడుకుంటాను. మీరిద్దరూ వెళ్ళి రండి" అంది.

"అయితే నేనూ రాను" అని మనవరాలు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. చెప్పుల పట్టీలు విప్పుకోవడం మొదలుపెట్టింది. అది చూడ్డం ఇంకా కష్టమైంది.

గేటు పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుని మీసాల గార్డు బయటికి వచ్చాడు. మేస్త్రిని చూసి ఆగాడు.

"వచ్చావా! ఇవాళ నీకు కాలు బాగైపోయి, ఈవిడకి పట్టుకుందా?"

"ఏంటి బాబూ ఆ మాట?" అంది భార్య.

"చూడమ్మా, నడవలేని పెద్దవాళ్ళుంటే టికెట్ చూసి ఈ తలుపులోంచి పంపుతాం. ఆ సంగతి తెలిసి క్యూ తప్పించుకోడానికి రోజూ ఎంతమంది కుంటుతారో నాకు తెలుసు. ఈయన వారం ముందే వచ్చి ఇక్కడ కుంటడం ప్రాక్టీస్ చేసి వెళ్ళాడు. కాలికి చెక్క కట్టుకుని మరీ! చెట్టు చాటున విప్పుతుంటే నా కళ్ళతో చూశాను."

"చెక్కా?" భార్య మొగుడి వైపు తిరిగింది. "ఏం చెక్కండీ? పని చూడ్డానికన్నారు కదా?"

మేస్త్రి మనవరాలి వైపు చూశాడు. తన అవసరం ఎదుటివాడికి చెప్పుకోవడం ఆయన పుట్టి బుద్ధెరిగాక చెయ్యని పని. మనవరాలు రెండో చెప్పు కూడా విప్పేసింది.

"ఈవిడకి మోకాలు ఆపరేషన్ అయింది, బాబూ" అన్నాడు చివరికి. "ఎంత దూరం నడవగలవే అంటే నిజం చెప్పదు. పడిపోయేదాకా బాగుందనే అంటుంది. అందుకని నేనే ఈవిడలా నడిచి చూశాను. బయటికొచ్చే గేటు చూసుకున్నాను గాని లోపలికెళ్ళే గేటు చూసుకోలేదు. ఎవర్నీ అడగలేదు. చుట్టూ తిరక్కుండా లోపలికెళ్తే ఆ పిల్ల చక్రం ఎక్కడం చూసి, మధ్యాహ్నం గదికొచ్చి కాసేపు పడుకుంటుంది. మాకు కావాల్సింది అంతే."

గార్డు నమ్మలేదు. "ఏదీ, మళ్ళీ నడువు. చెక్క లేకుండా. అమ్మా, మీరూ నడవండి."

"ఆవిడెందుకు..."

"మీరూరుకోండి" అంది భార్య. "నేను చూడాలి."

మేస్త్రి ఎడమ కాలు పక్కనుంచి తిప్పి వేశాడు. కుడి భుజం దిగింది. ఆయన పక్కనే భార్య కాలు కదిపింది. ఆమె భుజమూ దిగింది. నాలుగో అడుగుకి రెండు చేతులూ ఒకేసారి గోడని తాకాయి. మనవరాలు పకపకా నవ్వి, అంతలోనే నోరు మూసుకుంది.

"నేనలా నడుస్తానా?" అంది భార్య, గోడ మీద చెయ్యి తియ్యకుండానే.

"అలాగే."

"భుజం అంతలా పడుతుందా?"

"సాయంత్రం అయితే ఇంకాస్త."

గార్డు మీసం నిమురుకుని, "ఆ రోజు మా గోడకి కన్నం వెయ్యడానికి చూస్తున్నావనుకున్నాను. నోరు విప్పి ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది, పెద్దాయనా?" అని, అల్లుడు ముందే కొనిచ్చిన టికెట్లు తీసుకుని లోపలికి ఫోన్ చేశాడు. చిన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "మధ్యాహ్నం కూడా ఇటే రండి. నేనుంటాను. నిన్ను మాత్రం కుంటనివ్వను."

జెయింట్ వీల్ పైనుంచి మనవరాలు ఏదో అరిచింది. కింద అమ్మమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి, చక్రం ఆగేదాకా చెయ్యి ఊపింది.

మధ్యాహ్నం హోటల్‌కి వచ్చేసరికి కళ్ళజోడావిడ తాళం ఇస్తూ, "దొరికిందా అంకుల్, గేటు?" అంది.

"రెండున్నాయని చెప్పబోయావు. విన్లేదు, తప్పు నాదేనమ్మా" అన్నాడు మేస్త్రి. నడవా వైపు చూసి, "నేను టైల్స్ మనిషినే. ఇంకోసారి వచ్చినప్పుడు నీ నేల సంగతి చూస్తాను" అన్నాడు.

గదిలో భార్య మంచం మీద వాలింది. వంటింట్లో గిన్నెలు మోగుతున్నాయి. మనవరాలు అప్పటికే నిద్రలోకి జారింది. మేస్త్రి కింద కూర్చుని భార్య కాలు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నొప్పిగా ఉందా?"

ఆమె పైకప్పు వైపు చూసింది.

"ఉందండీ. మోకాలి కంటే నడుం."

ఆయన తల ఊపి, చెయ్యి నడుం వైపు జరిపాడు. రెండోసారి అడగలేదు.