నూనెకు పోని రంగు

డాక్టర్ సుభద్ర గారి సంతాప సభలో వక్తలందరూ ఆమె హస్తవాసిని పొగిడారు. ఆమె చేసిన అతి ముఖ్యమైన పనిని మాత్రం ఎవరూ ప్రస్తావించలేదు. ఆ పని వల్లనే ఆ సభలోని సగం మంది కొన్నేళ్లపాటు ఆమె క్లినిక్ గడప తొక్కలేదు. అందుచేత దానిని రాసిపెట్టడం నా విధి. నిన్న సాయంత్రం పాఠశాల వార్షికోత్సవం నుంచి వచ్చిన మా మనవరాలి ముఖాన్ని కొబ్బరినూనె అద్దిన దూదితో తుడుస్తుంటే, నూనెలో కరుగుతున్న మేకప్ వాసన తగిలింది. ఇక వాయిదా వేయడం నావల్ల కాలేదు.

ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేశాక నేను ఫిల్మ్‌నగర్‌లోని ఆమె పిల్లల క్లినిక్‌లో చేరాను. వయసులో ఆమె నాకంటే చాలా చిన్న. అయినా క్రమశిక్షణ అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసన్న నమ్మకాన్ని ఆమె దగ్గరే సవరించుకున్నాను. ఆ క్లినిక్‌లో ఒక నియమం ఉండేది. షూటింగ్ నుంచి నేరుగా వచ్చిన ఏ బిడ్డనూ మేకప్‌తో పరీక్షించకూడదు. చేతులు కడుక్కునే చోట కొబ్బరినూనె సీసా, దూది ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఒకసారి జూబ్లీహిల్స్ నుంచి వచ్చిన ఒక నటుడి కొడుకు మొరాయించాడు. "మా డాడీ హీరో, తెలుసా?" అన్నాడు. "తెలుసు నాన్నా. జ్వరమొస్తే మీ డాడీకైనా ఇదే నూనె," అన్నారామె. తర్వాత నాతో, "ఒళ్లు పాలిపోయిందో పసుపెక్కిందో రంగు కింద ఏం తెలుస్తుంది సార్?" అన్నారు.

ఒక మధ్యాహ్నం కృష్ణానగర్ నుంచి ఒక తల్లి తన కూతురికి జ్వరమని తీసుకువచ్చింది. తల్లి సినిమాల్లో గ్రూప్ డాన్సర్. షూటింగులకు పిల్లలను కుదిర్చే కోఆర్డినేటర్ కూడా వెంట వచ్చాడు. దెబ్బలు తిన్న పిల్లగా నటించడానికి వేసిన మేకప్ పాప ఒంటి మీద ఇంకా ఉంది. సుభద్ర గారు నుదుటి మీది గాయాన్ని తుడిచారు. ఎర్రరంగు దూదికి అంటుకుంది. తర్వాత భుజం కింద తుడిచారు. దూది తెల్లగానే వచ్చింది. మళ్లీ నూనె వేసి మెల్లగా అద్దారు. వేళ్లు పట్టిన ఆకారంలో ఉన్న నీలం అలాగే నిలిచింది.

"అదీ మేకప్పే మేడమ్. ఈమధ్య వాటర్‌ప్రూఫ్ వాడుతున్నారు, తొందరగా పోదు," అన్నాడు కోఆర్డినేటర్. "రెండింటికి షాట్ ఉందండీ. మాత్ర ఇచ్చి పంపించెయ్యండి."

సుభద్ర గారు అతని వైపు చూడకుండానే, "సార్, వీరికి బయట కుర్చీ చూపించండి," అని నాతో అన్నారు. నేను అతనిని బయట కూర్చోబెట్టి తలుపు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి అతనికి ఓపిక నశించింది.

"ఏంటి పెద్దాయనా, నన్ను కాపలా కాస్తున్నారా?"

"లేదు. తలుపును కాస్తున్నాను."

అతను ఫోన్ చెవికి ఆనించుకుని మెట్లు దిగాడు, తిరిగి రాలేదు. నేను లోపలికి వెళ్లాను. "ఏమైందమ్మా?" అని పాపను ఒక్క ప్రశ్న అడిగి, సుభద్ర గారు అడ్డుపడకుండా విన్నారట. పాప ఏం చెప్పిందో ఇక్కడ రాయను. ఆ చేతి గుర్తు అతనిదేనని, పాపకు జరిగిన అన్యాయం దెబ్బలతో ఆగలేదని మాత్రం చెబుతాను.

తల్లి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. "నాకు తెల్వదు మేడం. మా అన్న లెక్క అనుకున్న. పోలీసోళ్లకు చెప్పకుండ్రి. పనిచ్చేటోడు గాయినే. రేపటి సంది మమ్మల్ని సెట్‌కు ఎవడు రానిస్తడు?"

"మీకు చెప్పకుండా చేయనమ్మా. మీరు వద్దన్నా ఆపను," అన్నారు సుభద్ర గారు. "అనుమానం వచ్చాక చెప్పి తీరాలని చట్టం. చెప్పకపోతే నేరం నాది."

నా పాత అలవాటు కొద్దీ, "మరొక డాక్టరుకు చూపించి, ఖాయం చేసుకున్నాక చెబుదామా?" అన్నాను.

"ఖాయం చేయడానికి పోలీసులున్నారు, కోర్టుంది సార్. మనం ఖాయం చేసుకునేలోపు ఈ పిల్ల రెండింటి షాట్‌కు వెళ్లిపోతుంది."

అక్కడే, తల్లి ఎదుటే, పోలీసులకు ఫోన్ చేశారు. యూనిఫాం లేకుండా మామూలు చీరలో ఒక మహిళా అధికారి వచ్చి పాప పక్కన కూర్చున్నారు. మేకప్ గదిలో పనిచేసిన ఇద్దరూ ఆ నీలాన్ని చూశారనీ, ఎదుటివారు వేసిన రంగేనని ఎవరికి వారు అనుకున్నారనీ తర్వాత తెలిసింది.

కోఆర్డినేటర్ దొరికాడు. కానీ సినిమావాళ్ల కార్లు మా సందులోకి రావడం మానేశాయి. ఒక పెద్దమనిషి ఫోన్ చేసి, "పేషెంట్లను చూసుకోక మీకెందుకండీ ఈ గొడవ?" అన్నాడు. "పేషెంటునే చూశానండీ," అని ఆమె ఫోన్ పెట్టేశారు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని కూడా నూనె సీసా నిండుగా ఉందో లేదో చూసుకునేవారు. పిలిచినప్పుడల్లా కోర్టుకు వెళ్లి, చూసింది చూసినట్లు చెప్పారు. కోఆర్డినేటర్‌కు శిక్ష పడింది. తల్లి యూసుఫ్‌గూడలో బట్టలు కుట్టే పనిలో కుదిరింది. పాప బడికి వెళ్లింది.

ఉద్యోగ జీవితమంతా నేను కాగితం సక్రమంగా ఉంటే విధి నెరవేరినట్లే భావించాను. విధికి ఎదురుగా ఒక బిడ్డ కూర్చుని ఉంటుందని సుభద్ర గారు చూపించారు. నేనిప్పుడు వైద్యం చేయడం లేదు. అయినా ఏ పిల్ల చేతి మీద మచ్చ కనబడినా నా చూపు అక్కడ ఆగుతుంది.

చట్టం గురించి గానీ, ఆనాటి సంగతుల గురించి గానీ నేను పొరబడి ఉంటే తెలిసినవారు సరిదిద్దాలని మనవి. ఆ పాప పేరు మాత్రం అడగవద్దు. అడిగినవారికి నేను ఆనాటిలాగే తలుపు దగ్గర కనబడతాను.