శుక్రవారం రాసిన మెయిల్

మా ఆఫీసులో మెయిల్ రాసే వేళ ఒకటి, పంపే వేళ ఇంకొకటి. కోకాపేటలోని ఆ అద్దాల మేడలో చేరిన కొత్తలో ఈ సంగతి నాకు తెలియదు. మా మేనేజర్ దగ్గర్నుంచి ఆదివారం పొద్దున ఆరింటికే మెయిల్ వచ్చేది. పాపం, ఈయనకు సెలవన్నదే లేదే అని జాలిపడేదాన్ని. తర్వాత తెలిసింది, ఆయన శుక్రవారం మధ్యాహ్నమే రాసి, ఆదివారం పోయేలా టైం పెట్టి, ఆ వేళకు ముసుగుతన్ని పడుకుంటాడని. ఆ మెయిళ్ళు చూసి పైవాళ్ళు ఆయనకు రెండు ప్రమోషన్లు ఇచ్చారు.

ఒళ్ళు మండింది. మండినా ఆ విద్య మాత్రం నేర్చుకున్నాను. క్లయింటుకు చెడ్డ కబురు చెప్పాలంటే వారాంతానికి వాళ్ళు ఇళ్ళకు పోయాక చేరేలా పెట్టేదాన్ని. సోమవారానికి సగం కోపం చల్లారేది. ఎవరైనా సాయం అడిగితే, కాదనే ధైర్యం లేనివాళ్ళు గడువు దాటాక అందేలా తియ్యటి మాటలతో జవాబు పెట్టడం కూడా మా దగ్గర మామూలే. "నేను రాశానండీ, మీకే ఆలస్యంగా అందినట్టుంది" అనొచ్చు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

ఇవి కాక నా నోటి దురుసు వల్ల వచ్చిపడిన రూల్ ఇంకొకటి ఉంది. ఒకసారి క్లయింటు తరఫు పెద్దమనిషికి ఉన్నదున్నట్టు ఘాటుగా జవాబు రాసి సెండ్ నొక్కేశాను. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మెయిల్ సముద్రం దాటింది, తిరిగొచ్చి నా అప్రైజల్ మీద కూర్చుంది. అప్పట్నుంచి నేను పంపే ప్రతి మెయిలూ అరగంట ఔట్‌బాక్స్‌లో ఆగేలా పెట్టుకున్నాను. ఆలోపు కోపం దిగితే తీసేయొచ్చు. ఒకటే షరతు, మెయిల్ పోయేదాకా ల్యాప్‌టాప్ తెరిచి ఉండాలి. మూసేస్తే అది అక్కడే పడి ఉంటుంది, మళ్ళీ తెరిచాకే పోతుంది.

మా టీంలో ఒక కాంట్రాక్టు అమ్మాయి ఉండేది, టెస్టింగ్ పని. వాళ్ళ నాన్న బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. మా మెడల్లో నీలం ట్యాగులు, కాంట్రాక్టు వాళ్ళ మెడల్లో పసుపువి. పసుపు ట్యాగుకు ఆఫీసు క్యాబ్ లేదు, ఇన్సూరెన్సు లేదు. ఎండైనా వానైనా మెట్రో ఎక్కి, దిగి, షేర్ ఆటో పట్టుకుని నాకంటే ముందే వచ్చి కూర్చునేది. నన్ను "అక్కా" అని పిలిచేది. మాది మెదక్ వైపు. రోజంతా ఇంగ్లీషు నమిలి నమిలి విసిగిన నాకు ఆ పిలుపు వింటే ఇంటి అన్నం తిన్నట్టుండేది. నాకొచ్చిన పనంతా ఆ పిల్లకు నేర్పాను. ఆ మెయిళ్ళ దొంగవిద్య కూడా నేర్పాను, నవ్వుకుంటూ.

మూడేళ్ళు నిండిన కాంట్రాక్టు వాళ్ళను పర్మనెంట్ చేయాలి, లేకపోతే పంపించేయాలి. అది మా కంపెనీ పద్ధతి. ఆ పిల్లకు మూడేళ్ళు నిండాయి. పర్మనెంట్ చేయాలంటే టీం లీడ్ సిఫారసు ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటిలోగా హెచ్చార్‌కు అందాలి. ఆ టీం లీడ్‌ని నేనే. సోమవారం నుంచీ రాద్దాం, రాద్దాం అంటూ శుక్రవారం దాకా లాగాను. రాసింది మాత్రం మనసుపెట్టి రాశాను. ఆ అమ్మాయి పట్టుకున్న తప్పుల వల్ల మా పరువు ఎన్నిసార్లు దక్కిందో అన్నీ రాసి, తనకూ ఒక కాపీ పెట్టి, ఐదుంపావుకు సెండ్ నొక్కాను.

ఐదున్నరకు ప్రగతి నగర్ వైపు పోయే నా క్యాబ్. డ్రైవర్ ఫోన్ చేశాడు. "మేడమ్, జర జల్ది రండి, అందరు కూసున్నరు." ల్యాప్‌టాప్ మూసి సంచిలో పడేసుకుని పరుగెత్తాను. పదిహేను నిమిషాలు, అంతే. దారిలో ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది, "పోయిందా అక్కా?" అని. "పోయింది, ఫికర్ చెయ్యకు" అని జవాబిచ్చాను. అబద్ధమాడుతున్నానని నాకే తెలియదు.

సోమవారం తొమ్మిదిన్నరకు ల్యాప్‌టాప్ తెరిచాను. నా కళ్ళ ముందే ఆ మెయిల్ ఔట్‌బాక్స్‌లోంచి వెళ్ళిపోయింది.

హెచ్చార్ దగ్గరికి పరుగెత్తాను. అక్కడి ఆవిడ చెడ్డ మనిషేం కాదు. "ఒంటిగంట దాకా లిస్టు నా దగ్గరే ఉంటుందండి. ఆలస్యం మీ వల్లే జరిగిందని రెండు ముక్కలు రాసివ్వండి, మీ మేనేజర్‌కి కాపీ పెట్టండి. చేర్చేస్తాను" అంది. మేనేజర్‌కు చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, "తొందరపడకండి. గడువు తప్పానని మీ చేత్తో మీరే రాసిస్తే, వచ్చే నెల మేనేజర్ పోస్టుకి మీ పేరు ఏ మొహం పెట్టుకుని పంపనండీ? ఆ అమ్మాయికి ఇంకెక్కడో దొరుకుతుంది లెండి" అన్నాడు.

సీటుకొచ్చి కొత్త మెయిల్ తెరిచాను. హెచ్చార్ ఆవిడ పేరు కొట్టాను. పదకొండయింది. పన్నెండయింది. మధ్యలో రెండుసార్లు టీ తాగాను, ఎవరి సందేహానికో జవాబు చెప్పాను. ఒంటిగంట దాటాక ఆ ఖాళీ మెయిల్ మూసేశాను.

భోజనాల దగ్గర ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి నిలబడింది. లిస్టులో తన పేరు లేదని అప్పటికే తెలిసింది.

"మంచిగ రాసిండ్రు అక్కా. నా గురించి గింత మంచిగ ఎవ్వరు రాయలే" అంది. టిఫిన్ డబ్బా టేబుల్ మీద పెట్టి, "శుక్రవారమే పోయిందన్నరు" అంది.

"ఒట్టు, ల్యాప్‌టాప్ మూసేసిన. గందుకే ఆగిపోయింది. కావాలని చేస్తనా నేను?"

"గడువు దాటినంక మంచి మాటలు ఎట్ల పంపాల్నో మీరే చూపిచ్చిండ్రు కద."

గొంతు పెంచలేదు, ఏడవలేదు. నాకే ఒళ్ళు తెలియని కోపమొచ్చింది. "ఏంది, నన్నే అనుమానిస్తున్నవా? మూడేండ్లు సొంత చెల్లె లెక్క చూసుకుంటి కదా!" అని అరిచాను. పక్క టేబుళ్ళ వాళ్ళు తిరిగి చూశారు.

"పరేషాన్ గాకుండ్రి మేడమ్" అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. నెలాఖరున పసుపు ట్యాగు సెక్యూరిటీ దగ్గర ఇచ్చేసి పోయింది. నాకు చెప్పి పోలేదు.

ఇప్పుడు నేను మేనేజర్‌ని. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే శుక్రవారం క్యాబ్ దాకా చెప్పి ఆపేస్తాను. "అయ్యో, పొరపాటే కదా" అంటారు. అవును, పొరపాటే, ఏ దేవుడి ముందైనా ఒట్టేస్తాను. సోమవారం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా నేను చేసింది మాత్రం పొరపాటు కాదు. ఆ మూడున్నర గంటల సంగతి ఆ పిల్లకు ఇప్పటికీ తెలియదు. తెలియకుండానే నా గురించి సరిగ్గా అంది.